ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్

ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ (జూలై 26, 1904 - సెప్టెంబర్ 7, 1981) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ ఆవిష్కర్త, విమాన చాలకుడు, పారిశ్రామికవేత్త, సముద్రగర్భ అన్వేషకుడు. నేలమీద కూర్చుండి విమానం నడపడం నేర్చుకొనే వీలు కల్పించిన లింక్ ట్రైనర్ అనే యంత్రాన్ని 1929లో రూపొందించాడు. నేడు వాయుసేనలు, విమానయాన సంస్థలు వాడుతున్న ఫ్లైట్ సిమ్యులేటర్లకూ, ఇంటి కంప్యూటర్లపై ఆడే యుద్ధవిమాన సిమ్యులేటర్లకూ ఈ యంత్రమే పూర్వరూపమని చెప్పవచ్చు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఐదు లక్షల మందికి పైగా వైమానికులు దీనిపై శిక్షణ పొందారు. జీవితపు ఉత్తరార్ధంలో ఈయన సముద్రగర్భంలో మనుషులు నివసించి పనిచేయడానికి కావలసిన పరికరాలను నిర్మించాడు. ఆ కృషిలోనే తన కుమారుని కోల్పోయాడు.

బాల్యము - కుటుంబము

లింక్ 1904 జూలై 26న ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి పేరు కూడా ఎడ్విన్ లింక్ కావడంతో ఈయనను జూనియర్ అని వ్యవహరించేవారు. 1910లో తండ్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ నగరంలో దివాలా తీసిన ఒక వాద్య పరికరాల సంస్థను కొని, లింక్ పియానో అండ్ ఆర్గాన్ కంపెనీ అనే పేరుతో నడపసాగాడు. కుటుంబమంతా అక్కడికే తరలి వెళ్ళింది. ఈ కర్మాగారంలో తమంతట తామే మోగే పియానోలు, మూకీ చిత్రాలు ప్రదర్శించే థియేటర్లకు కావలసిన పెద్ద ఆర్గాన్లు తయారయ్యేవి.

ఈ వాద్యాలు పనిచేసే తీరు తెలిస్తే లింక్ ఆవిష్కరణను అర్థం చేసుకోవడం తేలిక. మన పౌరాణిక నాటకాలలో హార్మోనియం వాయించేవారు ఒక చేత్తో తిత్తిని కదిలిస్తూ, మరొక చేత్తో మెట్లు నొక్కుతారు. మెట్టు నొక్కినప్పుడు గాలికి దారి ఏర్పడి స్వరం పలుకుతుంది. తమంతట తామే మోగే పియానోలలో వాయించే మనిషికి బదులు రంధ్రాలు గల కాగితపు చుట్ట ఉంటుంది. చుట్ట తిరుగుతూండగా రంధ్రం వచ్చిన చోట గాలి లోపలికి ప్రవేశించి ఒక కవాటం తెరుచుకొంటుంది. అప్పుడు చిన్న తిత్తి ఒకటి ముడుచుకొని తగిన మెట్టును కదిలిస్తుంది. గాలి, కవాటాలు, తిత్తులు - ఈ మూడింటితో కోరిన కదలికను కోరిన క్షణంలో పుట్టించే విద్యను లింక్ చిన్ననాటనే తండ్రి కర్మాగారంలో నేర్చుకొన్నాడు. ఇంజనీరింగు పట్టా లేని ఈయనకు ఆ కర్మాగారమే పాఠశాల అయింది.

విమానయానంపై ఆసక్తి

1920లో, పదహారేళ్ళ వయసులో, లింక్ లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి విమానం నడపడం నేర్చుకోవడానికి వెళ్ళాడు. ఆ విమాన సంస్థ హాస్యనటుడు చార్లీ చాప్లిన్ సోదరుడైన సిడ్నీ చాప్లిన్‌ది. పాఠానికి రుసుము 50 డాలర్లు. ఆ రోజులలో అది పెద్ద మొత్తము. శిక్షకుడు ఆకాశంలో పల్టీలు, సుడులు కొట్టించి కిందకు దించాడే గాని, విద్యార్థిని ఒక్కసారి కూడా నియంత్రణ దండాన్ని తాకనివ్వలేదు. నేర్చుకొనేవాని చేతికి విమానాన్ని అప్పగిస్తే ఇద్దరి ప్రాణాలకూ ముప్పు, అప్పగించకపోతే విద్య రాదు. ఆనాటి విమాన శిక్షణ అంతా ఈ చిక్కులోనే ఉండేది. దానికి తోడు రుసుములు సామాన్యులకు అందుబాటులో ఉండేవి కావు.

లింక్ పట్టు విడువక విమానం నడపడం నేర్చుకొన్నాడు. 1927లో సెస్నా సంస్థ అమ్మిన మొట్టమొదటి విమానాన్ని కొని, ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇస్తూ, ప్రయాణికులను ఎక్కించుకొంటూ, పాఠాలు చెబుతూ జీవనం సాగించాడు.

శిక్షణ యంత్ర నిర్మాణము

తండ్రి కర్మాగారపు నేలమాళిగలో సుమారు 18 నెలలు శ్రమించి, 1929లో లింక్ తన శిక్షణ యంత్రాన్ని పూర్తిచేశాడు. పేటెంటు కొరకు దరఖాస్తు చేయగా, 1931లో మంజూరైంది. విమాన విద్యార్థుల శిక్షణకూ, వినోదానికీ కూడా ఉపయోగపడే పరికరంగా ఆ పేటెంటులో దీనిని పేర్కొన్నాడు.

యంత్రం చూడడానికి పిల్లల బొమ్మ విమానం వలె ఉండేది. పొట్టి దేహం, చిన్న రెక్కలు, లోపల ఒక మనిషి కూర్చునే చోటు, చేతికి నియంత్రణ దండం, కాళ్ళకు చుక్కాని పెడల్స్ ఉండేవి. దేహం కింద ఆర్గాన్లలో వాడే తిత్తులను అమర్చాడు. విద్యుత్ పంపు వాటిలోని గాలిని పీల్చేది. విద్యార్థి దండాన్ని ముందుకు తోస్తే కవాటాలు కదిలి, ఒక వైపు తిత్తి ముడుచుకొని, మరొక వైపు తిత్తి సాగి, యంత్రపు ముక్కు కిందకు వంగేది. దండాన్ని పక్కకు వంచితే రెక్క వాలేది. పెడల్ తొక్కితే యంత్రమంతా తన ఇరుసు మీద తిరిగేది.

అసలు కష్టం ఈ కదలికలను నిజమైన విమానపు కదలికలకు దగ్గరగా తేవడంలో ఉంది. దండాన్ని ఎంత కదిలిస్తే యంత్రం ఎంత వంగాలి, ఎంత వేగంగా వంగాలి, వదిలితే ఎలా నిలదొక్కుకోవాలి అనేవి లెక్కలు కట్టి నిర్ణయించినవి కావు. స్వయంగా విమానం నడిపిన అనుభవంతో లింక్ యంత్రంలో కూర్చుని చూసి, సరిపోనప్పుడు దిగి సవరించి, మళ్ళీ ఎక్కి చూసి, ఇలా అనేక పర్యాయాలు ప్రయత్నించి సాధించినవే.

ఆదరణ లేని సంవత్సరాలు

యంత్రం సిద్ధమైనా దానిని విమాన శిక్షణ పరికరంగా గుర్తించినవారు తక్కువ. తొలినాళ్ళలో ఎక్కువగా కొన్నది వినోద ఉద్యానవనాల వారే. నాణెం వేసి కొద్ది నిమిషాలు ఊగే ఆటవస్తువుగా అది చెలామణి అయింది. ఇంతలో 1929 నాటి ఆర్థిక మాంద్యము వచ్చిపడింది. శబ్ద చిత్రాలు రావడంతో థియేటర్లకు ఆర్గాన్ల అవసరమూ తగ్గి, తండ్రి వ్యాపారం క్షీణించింది.

1930లో లింక్ తన యంత్రాన్నే ఆధారం చేసుకొని ఒక విమాన పాఠశాల తెరిచాడు. యంత్రం మీద ఎక్కువ అభ్యాసం, ఆకాశంలో తక్కువ అభ్యాసం అనే పద్ధతిన 85 డాలర్లకే విద్యార్థి ఒంటరిగా విమానం నడిపే స్థాయికి చేరేవాడు. అంతకుముందే తన సోదరుడు జార్జికి ఈ పద్ధతిలోనే నేర్పాడు.

ఖర్చులకోసం రాత్రివేళ ఆకాశ ప్రకటనలు కూడా చేశాడు. విమానపు రెక్క కింద దీపాలు అమర్చి, వాటిని పియానో కాగితపు చుట్ట పద్ధతిలోనే వెలిగించి ఆర్పుతూ అక్షరాలు కనిపించేటట్లు చేసేవాడు. రాత్రివేళ, వాతావరణం బాగులేనప్పుడు కూడా ఎగరవలసి రావడంతో, బయట ఏమీ కనిపించకపోయినా పరికరాల ముళ్ళను మాత్రమే చూస్తూ విమానం నడపడంలో ఆరితేరాడు. ఈ నైపుణ్యాన్ని ఇతరులకు నేర్పడానికి తన యంత్రంలో వేగము, ఎత్తు, దిశ చూపే పరికరాలు అమర్చి, పైన మూత బిగించాడు. మూత వేస్తే లోపలివానికి బయటి ప్రపంచం కనిపించదు. ఈ మార్పుతో ఆటవస్తువు శిక్షణ యంత్రంగా రూపాంతరం చెందింది.

1931లో మేరియన్ క్లేటన్ అనే పత్రికా రచయిత్రిని వివాహమాడాడు. ఈ దంపతులకు విలియం, క్లేటన్ అనే ఇద్దరు కుమారులు కలిగారు. వ్యాపారంలోనూ, తరువాతి సముద్ర యాత్రలలోనూ మేరియన్ భర్తకు సహకరించింది. ఆ యాత్రల గురించి పుస్తకాలు కూడా రచించింది.

1934 టపా విమానాల దుర్ఘటనలు

1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రైవేటు విమాన సంస్థలతో ఉన్న టపా ఒప్పందాలను రద్దుచేసి, టపా రవాణా బాధ్యతను సైనిక వైమానిక దళానికి అప్పగించాడు. శీతాకాలపు మంచు, పొగమంచు, చీకటి. సైనిక చాలకులలో చాలామందికి పరికరాల ఆధారంతో ఎగిరే అభ్యాసం లేదు. మేఘంలో చిక్కుకొన్న చాలకునికి విమానం వంగినదీ, నిటారుగా ఉన్నదీ శరీరానికి తెలియదు. చెవిలోని సమతౌల్య వ్యవస్థ తప్పుడు సంకేతాలు ఇస్తుంది. వాటిని నమ్మితే మరణమే. కొద్ది వారాలలోనే వరుస ప్రమాదాలు జరిగి, పది మందికి పైగా వైమానిక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. దేశమంతటా ఆందోళన చెలరేగింది.

ఈ పరిస్థితులలో లింక్ యంత్రాన్ని పరిశీలించడానికి సైనికాధికారులు న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయంలో ఆయనను కలవవలసి ఉంది. ఆనాడు దట్టమైన పొగమంచు కమ్ముకొని ఉండడంతో, ఎవరూ విమానంలో రాలేరని అధికారులు వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. అంతలో లింక్ పరికరాలను మాత్రమే చూసుకొంటూ వచ్చి క్షేమంగా దిగాడు. యంత్రం ప్రయోజనాన్ని నిరూపించడానికి మరే ప్రదర్శన అవసరం కాలేదు. 1934 జూన్ 23న సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలకు ఆర్డరు ఇచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధము

ఆ తరువాత ఇతర దేశాలు కూడా యంత్రాలు కొనసాగాయి. 1935లో కొన్నవారిలో జపాన్ నౌకాదళం ఉన్నది. ఆరేళ్ళ తరువాత అదే నౌకాదళపు విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. ఈ విధంగా యుద్ధంలో పరస్పరం తలపడిన ఉభయపక్షాల చేతిలోనూ లింక్ యంత్రం ఉన్నట్లయింది.

యుద్ధకాలంలో ఈ యంత్రానికి దాని రంగును బట్టి నీలిపెట్టె అనే పేరు స్థిరపడింది. బింగ్‌హామ్టన్‌తో పాటు కెనడాలోని గననాక్వే పట్టణంలో కూడా వీటిని నిర్మించారు. ఉత్పత్తి ముమ్మరంగా సాగిన రోజులలో 45 నిమిషాలకు ఒక యంత్రం చొప్పున తయారైంది. మొత్తం పదివేలకు పైగా యంత్రాలు వెలువడ్డాయి.

శిక్షణ సాగే తీరు ఇది: విద్యార్థి లోపల కూర్చుంటాడు, మూత పడుతుంది. పక్కనే బల్ల వద్ద శిక్షకుడు ఉంటాడు. చెవి ఫోనుల ద్వారా ఆదేశాలు, రేడియో సంకేతాలు పంపుతాడు. బల్లమీది పటంపై చిన్న చక్రాల పరికరం ఒకటి కదులుతూ, విద్యార్థి విమానం నిజంగా ఎగిరి ఉంటే ఏ మార్గాన పోయేదో సిరాతో గీస్తుంది. గాలి ఒడుదుడుకులను శిక్షకుడు కృత్రిమంగా కల్పించగలడు. పాఠం ముగిశాక విద్యార్థి బయటకు వచ్చి ఆ గీత చూస్తే, తాను ఎక్కడ దారి తప్పాడో, ఎక్కడ కొండను ఢీకొని ఉండేవాడో తెలిసివచ్చేది. తప్పు తెలిసేది, ప్రాణం దక్కేది.

1939లో బ్రిటన్ కోరిక మేరకు, నౌకాదళానికి చెందిన దిశానిర్దేశ నిపుణుడు వీమ్స్ సహకారంతో, నక్షత్రాలను బట్టి దారి తెలుసుకొనడం నేర్పే మరొక పెద్ద యంత్రాన్ని లింక్ రూపొందించాడు. సుమారు 45 అడుగుల ఎత్తు గల గోపురం వంటి కట్టడంలో, పైన కృత్రిమ నక్షత్రాలు, కింద బాంబర్ సిబ్బంది మొత్తం కూర్చునే గది ఉండేవి. రాత్రివేళ అట్లాంటిక్ సముద్రం దాటవలసిన సిబ్బందికి ఇది ఎంతగానో తోడ్పడింది. ఈ సేవలకు గుర్తింపుగా 1945లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఈయనకు హోవర్డ్ పాట్స్ పతకాన్ని బహూకరించింది.

సముద్రగర్భ పరిశోధన

1953లో లింక్ దంపతులు విద్యా, పరిశోధన రంగాలకు సహాయపడే లింక్ ఫౌండేషన్ నెలకొల్పారు. 1954లో లింక్ తన సంస్థను జనరల్ ప్రెసిషన్ అనే పెద్ద సంస్థలో విలీనం చేశాడు. తరువాతి కాలంలో ఆ సంస్థలోని లింక్ విభాగమే అపోలో వ్యోమగాముల శిక్షణకు సిమ్యులేటర్లు నిర్మించింది. లింక్ దృష్టి మాత్రం సముద్రం వైపు మళ్ళింది.

సీ డైవర్ అనే పేరుగల తన నౌకపై 1959లో జమైకాలోని పోర్ట్ రాయల్ వద్ద అన్వేషణ జరిపాడు. 1692 జూన్ 7న వచ్చిన భూకంపంలో ఈ రేవు పట్టణం చాలావరకు సముద్రంలో కుంగిపోయింది. అక్కడ దొరికిన ఒక జేబు గడియారాన్ని ఎక్స్-రే తీయగా, ముళ్ళు 11 గంటల 43 నిమిషాల వద్ద ఆగినట్లు తేలింది. 1960లో ఇజ్రాయెల్‌లోని ప్రాచీన రేవు సిజేరియా వద్ద కూడా అన్వేషణలు జరిపాడు.

లోతైన నీటిలో గజ ఈతగాడు కొద్ది నిమిషాలు పనిచేసినా, పైకి రావడానికి గంటల సమయం పడుతుంది. త్వరగా వస్తే రక్తంలో కరిగిన వాయువు బుడగలై ప్రాణం తీస్తుంది. ఈతగాళ్ళను అడుగునే ఉంచి, పనిచేయించి, ఒకేసారి నెమ్మదిగా పైకి తేవడం మేలని భావించి లింక్ ఒక అల్యూమినియం గదిని నిర్మించాడు. 1962 ఆగస్టులో ఫ్రాన్సు తీరాన మొదట తానే అందులో దిగి 60 అడుగుల లోతున 8 గంటలు గడిపాడు. సెప్టెంబరులో బెల్జియం దేశస్థుడైన రాబర్ట్ స్టెన్యూయీ 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా గడిపాడు. 1964లో బహామా దీవుల వద్ద స్టెన్యూయీ, జాన్ లిండ్‌బర్గ్ ఇద్దరూ 432 అడుగుల లోతున రబ్బరు గుడారంలో 49 గంటలు ఉన్నారు. జాన్ లిండ్‌బర్గ్, అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన వైమానికుడు చార్లెస్ లిండ్‌బర్గ్ కుమారుడు.

1973 ప్రమాదము

1971లో సీవార్డ్ జాన్సన్ ఆర్థిక సహాయంతో జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామిని నిర్మించాడు. దీని ముందుభాగం పారదర్శకమైన అక్రిలిక్ గోళం. వెనుకభాగం ఈతగాళ్ళు బయటకు వెళ్ళి రావడానికి వీలైన అల్యూమినియం గది.

1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ సమీపంలో, కావాలని ముంచివేసిన ఒక పాత యుద్ధనౌక వద్ద ఈ జలాంతర్గామి శిథిలాల తీగలలో చిక్కుకొంది. అందులో నలుగురు ఉన్నారు. వెనుక గదిలోని ఇద్దరిలో ఒకడు లింక్ కుమారుడు క్లేటన్, వయసు 31 సంవత్సరాలు. మరొకడు ఆల్బర్ట్ స్టోవర్. అల్యూమినియం గోడల గుండా నీటి చలి లోపలికి పాకింది. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవలసిన రసాయనం ఆ చలికి సరిగా పనిచేయలేదు. జలాంతర్గామిని పైకి తెచ్చేసరికి ఒక రోజుకు పైగా గడిచింది. ముందు గోళంలోని ఇద్దరూ బ్రతికారు. వెనుక గదిలోని ఇద్దరూ మరణించారు.

జీవితమంతా ఇతరుల ప్రాణాలు కాపాడే యంత్రాలు చేసిన లింక్‌కు ఇది తీరని దుఃఖం. అయినా ఆయన పని మానలేదు. చిక్కుకొన్న జలాంతర్గామి దగ్గరకు పైనుండి తాడుతో పంపి, కెమెరాలతో చూస్తూ, తీగలను కత్తిరించి విడిపించగల మనిషి లేని పరికరాన్ని తయారుచేశాడు. ఈ జలాంతర్గామి తరువాత ఎన్నో ఏళ్ళు శాస్త్ర పరిశోధనలకు ఉపయోగపడింది. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక శకలాల గాలింపులో కూడా పాల్గొంది.

మరణము - గౌరవాలు

లింక్ 1981 సెప్టెంబర్ 7న బింగ్‌హామ్టన్‌లో మరణించాడు. అప్పటికి వయసు 77 సంవత్సరాలు. 1976లో అమెరికా జాతీయ విమానయాన ప్రముఖుల మందిరంలోనూ, మరణానంతరం జాతీయ ఆవిష్కర్తల ప్రముఖుల మందిరంలోనూ ఈయనకు స్థానం లభించింది. బింగ్‌హామ్టన్ విమానాశ్రయానికి ఈయన పేరు పెట్టారు.

నేటి సిమ్యులేటర్లలో లింక్ వారసత్వం

తెలుగునాట హైదరాబాదులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నెలకొల్పిన కేంద్ర శిక్షణ సంస్థలో చాలకులు సిమ్యులేటర్లపై శిక్షణ పొందారు. 2008లో భారత వాయుసేనలో చేరిన హాక్ శిక్షణ జెట్ విమానాల కేంద్రం బీదరులోనూ సిమ్యులేటర్లు వాడుతున్నారు. గాలి తిత్తుల స్థానంలో చమురు పీడనం, విద్యుత్ మోటార్లు, కంప్యూటర్లు వచ్చాయి.

ఇంటి కంప్యూటర్లపై 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన ఫ్లైట్ సిమ్యులేటర్ తొలివాటిలో ఒకటి. యుద్ధవిమానాల కోవలో 1998లో ఫాల్కన్ 4.0, 2001లో ఐఎల్-2 స్టర్మోవిక్, 2008లో డి.సి.ఎస్. బ్లాక్ షార్క్ వెలువడ్డాయి. వీటితో కుందుర్పి వంటి మెట్టప్రాంతపు ఊరిలోని విద్యార్థి కూడా ఒక కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్ ఉంటే విమాన నియంత్రణ సూత్రాలు అభ్యసించవచ్చు.

నేలమాళిగలో లింక్ ఎదుర్కొన్న చిక్కే ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది. నిజమైన విమానంలోని దండం పొడవైనది, బల్లమీది జాయ్‌స్టిక్ పొట్టిది. చేయి కొద్దిగా కదిలినా తెరమీది విమానం విపరీతంగా వంగుతుంది. అందువలన రెండు సవరణలు చేసుకోవాలి. మొదటిది, దండం మధ్యస్థానంలో ఉన్నప్పుడు వచ్చే స్వల్ప ప్రకంపనలను లెక్కలోకి తీసుకోకుండా కొద్దిపాటి నిష్క్రియ మండలాన్ని ఏర్పరచుకోవడం. ఇది మరీ ఎక్కువైతే గురి చూసేటప్పుడు సన్నని కదలికలు అందవు. రెండవది, మధ్యలో మందంగా, చివరలలో వేగంగా స్పందించేటట్లు స్పందన రేఖను వంచుకోవడం. ఒక విమానానికి సరిపోయిన రేఖ మరొక విమానానికి సరిపోకపోవచ్చు. కనుక విమానానికి ఒక అమరిక చొప్పున భద్రపరచుకోవడం మంచిది. ఒకేసారి ఒక్క మార్పే చేసి ఎగిరి చూడాలి. లింక్ అనుసరించిన పద్ధతి కూడా ఇదే.

అభిమానులు తయారుచేసే కొత్త విమానాలు, రంగులు, ధ్వనులను మాడ్‌లు అంటారు. వీటిని మూల ఫైళ్ళపై నేరుగా రాయకుండా వేరొక ఫోల్డరులో ఉంచి, కావలసినప్పుడు చేర్చి, వద్దన్నప్పుడు తొలగించే సాఫ్ట్‌వేరు వాడడం క్షేమం. లేకపోతే సిమ్యులేటర్ కొత్త రూపానికి మారినప్పుడు అమరికలు చెడిపోతాయి, ఏ మాడ్ వలన లోపం వచ్చిందో తెలియదు. నలుగురితో కలిసి ఆడేటప్పుడు ఫైళ్ళు మారి ఉంటే ప్రవేశం నిరాకరించే సర్వర్లూ ఉన్నాయి. నీలిపెట్టె కూడా ఏళ్ళ తరబడి ఇలా మార్పులు పొందుతూనే పెరిగింది: వినోద యంత్రానికి పరికరాలు, మూత, రేడియో, మార్గం గీసే చక్రాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి.

సిమ్యులేటర్ ఎంత ఆధునికమైనదైనా భయాన్ని, అలసటను, నిజమైన గాలి విసురును పూర్తిగా కలిగించలేదు. అందుచేత అది ఆకాశంలోని అభ్యాసానికి ప్రత్యామ్నాయం కాజాలదు. అయితే ఆకాశంలో ఒక్కసారి చేసినా ప్రాణం పోయే తప్పును నేలమీద పదిసార్లు చేసి, కారణం తెలుసుకొని, పదకొండవసారి సరిదిద్దుకొనే అవకాశాన్ని అది ఇస్తుంది. 1920లో నియంత్రణ దండాన్ని తాకనైనా తాకలేకపోయిన విద్యార్థి తరువాతి తరాలకు ఇచ్చినది ఆ అవకాశమే.